పాత మార్కెట్‌లో లారీల స్కీమ్ సక్సెస్ అంటున్నారు. అసలు దేన్ని కొలవాలి?

కిరాణా_హోల్‌సేల్
మా ఊరి పాత మార్కెట్ వీధిలో ఉగాది తర్వాత కొత్త రూల్ పెట్టారు. లారీలు, డీసీఎంలు రాత్రి పది నుంచి పొద్దున ఏడు లోపే వచ్చి వెళ్ళాలి. పగలు ట్రాలీ ఆటోలు, టాటా ఏస్‌లకే ఎంట్రీ. పగలు వచ్చిన పెద్ద బండి బైపాస్ పక్కన చూపించిన స్థలంలో ఆగాలి. సరుకు అక్కడ దించి, చిన్న బండ్లలోకి ఎక్కించి, మార్కెట్‌కి తెచ్చుకోవాలి.

పోయిన వారం అధికారులు మీటింగ్ పెట్టి తెర మీద ఒక గ్రాఫ్ చూపించారు. పగటిపూట లారీలు దాదాపు కనిపించడం లేదు కాబట్టి పథకం విజయవంతమైందట. మిగతా మార్కెట్లకు కూడా ఇదే పెడతారట. నా షాపు ముందు మాత్రం రద్దీ తగ్గలేదు. బస్తా మీద ఖర్చు పెరిగింది. నూనె డబ్బాలు రెండుసార్లు చేతులు మారడంతో సొట్టలు పడుతున్నాయి, కంపెనీ వాళ్ళు వాటిని వెనక్కి తీసుకోవడం లేదు.

వర్తక సంఘాన్ని రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వమన్నారు, రాసే పని నాకు అప్పజెప్పారు. ‘మాకు కష్టంగా ఉంది’ అని రాస్తే చదివి పక్కన పెడతారు. లెక్కతో రాయాలి. ఇలాంటి స్కీమ్ పనిచేసిందా లేదా అన్నది దేన్ని బట్టి చెప్తారు? ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి.

ట్రాలీ_యూనస్
మాకైతే గిరాకీ పెరిగింది అన్నా. కానీ బైపాస్ దగ్గర లోడ్ కోసం గంటలు గంటలు నిలబడుతున్నాం. ఆ వెయిటింగ్‌కి ఎవరూ పైసా ఇవ్వరు. అది కూడా మీ లెక్కలో రాయండి.

గోదాం_గిరి
బండ్లను లెక్కపెట్టడంతోనే వచ్చింది చిక్కు. షాపుకి చేరాల్సింది సరుకు. లెక్క సరుకు వైపు నుంచి మొదలవ్వాలి.

ఒక డీసీఎంలో 4 టన్నులు వచ్చాయనుకోండి. అంటే 50 కిలోల బస్తాలు 80. టాటా ఏస్‌కి కాగితం మీద కెపాసిటీ 750 కిలోల దగ్గర, అంటే 15 బస్తాలు. ఆ 80 బస్తాలకు ఆరు ట్రిప్పులు పడతాయి. బైపాస్ నుంచి మార్కెట్ 6 కిలోమీటర్లు అనుకుంటే డీసీఎం పోయి రావడానికి 12 కిలోమీటర్లు, ఏస్‌లకు మొత్తం 72. టన్నుకు 3 కిలోమీటర్లు తిరిగే చోట 18 తిరుగుతున్నాం. వాళ్ళ గ్రాఫ్‌లో మాత్రం ఒక లారీ తగ్గింది.

కాబట్టి మొదట అడగాల్సింది ఇది: ఒక టన్ను సరుకు షాపు గుమ్మం దాకా రావడానికి ఊళ్ళో మొత్తం ఎన్ని బండి కిలోమీటర్లు అయ్యాయి? స్కీమ్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత? ఇదొక్కటి రాసిపెడితే సగం చర్చ తేలిపోతుంది.

ట్రాలీ_యూనస్
గిరి అన్నా, పదిహేను బస్తాలకే కదిలే ఏస్‌ని మా మార్కెట్‌లో ఒకదాన్ని చూపించు, దండ వేస్తా. ఇరవై, ఇరవై అయిదుకి తక్కువ ఎక్కించరు.

ఇంకో మాట. మునుపు డీసీఎం షాపు గుమ్మం దాకా వచ్చేదా? చౌరస్తాలో ఆపేవాళ్ళు. అక్కడి నుంచి తోపుడు బండ్ల మీద లోపలికి. ఇప్పుడు నా ఆటో నేరుగా గుమ్మం ముందు ఆగుతోంది. ఆ తోపుడు బండ్ల లెక్క కూడా వెయ్యి మరి.

గోదాం_గిరి
తోపుడు బండ్ల పాయింట్ కరెక్ట్. మునుపటి లెక్కలో అవీ ఉండాలి, చౌరస్తాలో డీసీఎం ఎంతసేపు రోడ్డుకి అడ్డంగా ఉందో అదీ ఉండాలి.

లెక్కల_లక్ష్మి
యూనస్ గారు చెప్పిన ఓవర్‌లోడ్ సంగతి తేలిగ్గా వదలకండి. ట్రిప్పులు తక్కువ కనిపించడం కోసం బండి మీద అదనపు బరువు వేస్తే ఆ లాభం బ్రేకుల మీద, టైర్ల మీద, పక్కన నడిచే మనిషి మీద పడుతుంది. బస్తాల సంఖ్య రాసేటప్పుడు ప్రతి బండికీ రాయండి.

కిరాణా గారూ, ఒక ప్రశ్న. వాళ్ళ ‘ముందు’ లెక్క ఎప్పుడు తీశారు? ‘తర్వాత’ లెక్క ఎప్పుడు?

కిరాణా_హోల్‌సేల్
ముందు లెక్క మాఘమాసంలో తీశారు. తర్వాతది ఆషాఢం మొదటి వారంలో.

లెక్కల_లక్ష్మి
అనుకున్నాను! మాఘంలో పెళ్ళిళ్ళు. బియ్యం, నూనె, పప్పులు, బెల్లం, డెకరేషన్ సామాను అన్నీ ఒకేసారి దిగుతాయి. ఆషాఢంలో ముహూర్తాలు లేవు. స్కీమ్ పెట్టకపోయినా లారీలు తగ్గేవి. ఆ తగ్గుదలని కూడా స్కీమ్ ఖాతాలో వేసుకున్నారన్నమాట.

పోయిన సంవత్సరం అదే ఇంగ్లీషు నెలతో పోల్చినా మన దగ్గర తప్పు రావచ్చు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా. ఆ సంవత్సరం నిజ శ్రావణం ఆగస్టు మధ్యలో గానీ మొదలవలేదు. 2022 ఆగస్టు మొదటి వారంతో 2023 ఆగస్టు మొదటి వారాన్ని పోలిస్తే శ్రావణమాసం గిరాకీని అధికమాసంతో పోల్చినట్టవుతుంది. హోల్‌సేల్ మార్కెట్‌కి తెలుగు నెలల ప్రకారమే పోల్చాలి. లేదంటే అదే రోజుల్లో స్కీమ్ లేని ఇంకో మార్కెట్ వీధిని కూడా లెక్కపెట్టి రెండింటి తేడా చూడాలి. రెండో పద్ధతి ఇంకా నమ్మకం.

పెసరట్టు_ప్రసాద్
పంచాంగం లేకుండా ట్రాఫిక్ లెక్క కూడా కుదరదని ఇవాళే తెలిసింది. సిద్ధాంతి గారిని కూడా కమిటీలో వెయ్యండి 😀

మేడమీద_సుజాత
అందరూ బస్తాలు, టన్నులు అంటున్నారు. మేము అలాంటి మార్కెట్ వీధిలోనే షాపుల పైన రెండో అంతస్తులో ఉంటాం. పగలు లారీలు ఆగిపోయాక పిల్లలు స్కూల్‌కి నడిచి వెళ్తున్నారు, ఆ మేలు చాలా పెద్దది. కానీ రాత్రి ఒంటిగంటకి లారీ వెనక తలుపు ఇనుప గొళ్ళెం పడిన చప్పుడుకి మా అత్తగారు ఉలిక్కిపడి లేస్తారు. రివర్స్ హారన్, డ్రైవర్ల కేకలు, ఇంజన్ ఆపకుండా నిలబెట్టడం. మా నిద్ర ఎవరి లెక్కలోకి వస్తుంది? టన్నుకు కిలోమీటర్లు తగ్గితే మాకు ఒరిగేదేమిటి?

గోదాం_గిరి
సుజాత గారూ, డీజిల్ పొగ తగ్గితే మీకే మేలు కదా. కిలోమీటర్లు తగ్గితే పొగ తగ్గుతుంది.

మేడమీద_సుజాత
పొగ తగ్గాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ పొగ లెక్కలో నిద్ర కనిపించదు గిరి గారూ. దానికి వేరే వరుస కావాలి.

లండన్‌లో_లావణ్య
సుజాత గారు చెప్పింది ఇక్కడ 1985లోనే పాలసీ అయింది. లండన్‌లో లారీ కంట్రోల్ స్కీమ్ అని ఉంది. 18 టన్నులకు మించిన లారీలు రాత్రిళ్ళు, వారాంతాల్లో చాలా వీధుల్లో తిరగకూడదు. తప్పనిసరైతే పర్మిషన్ తీసుకుని, చెప్పిన రూట్లోనే వెళ్ళాలి. మనం పగలు ఆపుతున్నాం ట్రాఫిక్ కోసం, వీళ్ళు రాత్రి ఆపుతున్నారు నిద్ర కోసం. రెండు చోట్లా ‘లారీలు తగ్గాయి’ అనే ఒక్క అంకెతో కొలిస్తే రెండూ పాస్ అయిపోతాయి. ఎందుకు పెట్టామో ఆ కారణాన్నే కొలవాలి.

పిల్లల భద్రత సంగతికి కూడా ఇక్కడ ఒక కొలత ఉంది. డ్రైవర్ తన సీట్లోంచి అద్దాలు, కెమెరాలు లేకుండా కళ్ళతో నేరుగా ఎంత మేర చూడగలడో దాన్ని బట్టి 12 టన్నులకు మించిన ప్రతి లారీకి సున్నా నుంచి అయిదు దాకా స్టార్లు ఇస్తారు. 2021 మార్చి నుంచి అమలవుతోంది, 2024 అక్టోబర్ నుంచి కనీసం మూడు స్టార్లు ఉండాలి, లేకపోతే అదనపు సేఫ్టీ సామగ్రి బిగించుకోవాలి. సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు లారీల కింద పడి చనిపోవడం ఎక్కువయ్యాక తెచ్చారు. డెలివరీ పథకానికి మార్కులు వేసేటప్పుడు ఎన్ని బండ్లు అన్నదొక్కటే సరిపోదు, ఎలాంటి బండ్లు అన్నదీ చూడాలి.

నెదర్లాండ్స్_నాగరాజు
చప్పుడు కొలవడం అసాధ్యమేమీ కాదు. ఇక్కడ పీక్ (PIEK) అనే ప్రమాణం ఉంది. సాయంత్రం 7 నుంచి రాత్రి 11 దాకా సరుకు దించే చప్పుడు 65 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా 60. బండికి ఏడున్నర మీటర్ల దూరంలో కొలుస్తారు. ఆ పరిమితిలో పని జరగాలని ట్రాలీలకు రబ్బరు చక్రాలు, లారీ నేల మీద మెత్తటి షీటు, చప్పుడు చేయని తలుపులు తయారు చేశారు. సర్టిఫికెట్ ఉన్న సామగ్రి వాడితే రాత్రి దించుకోవడం తేలికవుతుంది.

బార్సిలోనాలో ఒక సూపర్‌మార్కెట్ ఇలాగే చప్పుడు తగ్గించి రాత్రి డెలివరీ ప్రయోగం చేసింది. పగలు ఏడు చిన్న లారీలు తెచ్చే సరుకును రాత్రి రెండు 40 టన్నుల లారీలు తెచ్చాయి. గిరి గారి లెక్క, సుజాత గారి లెక్క రెండూ కుదిరిన కేసు ఇది. రోడ్లు వెడల్పు ఉంటేనే 40 టన్నుల బండి వస్తుంది, అది కూడా చెప్పాలి.

పాతబస్తీ_ఫరీద్
బేగంబజార్ గల్లీల్లోకి 40 టన్నుల బండా భాయ్? డీసీఎం తిరగాలంటేనే ముందు నలుగురు దిగి స్కూటర్లు జరపాలి.

వరంగల్_ప్లానర్
నేను ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ చదివాను. ఈ విషయంలో మా క్లాసులో ఎక్కువ మాట్లాడుకున్నది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ గురించి. ఎందుకంటే అందులోని అంకెను ఎలా చదవాలో నేర్చుకోవచ్చు.

2004లో అక్కడి బ్రాడ్‌మీడ్ షాపింగ్ ప్రాంతం కోసం ఊరి అవతల ఒక కన్సాలిడేషన్ సెంటర్ పెట్టారు. అన్ని కంపెనీల బండ్లూ అక్కడే దించేస్తాయి. అక్కడ కలిపి, నింపి, తక్కువ బండ్లలో షాపులకు పంపుతారు. చేరిన షాపులకు వచ్చే డెలివరీ బండ్లు ముప్పాతిక వంతు దాకా తగ్గాయి. ఈ అంకె నిజం. అయితే ‘చేరిన షాపులకు’ అన్న మాట దగ్గర ఆగాలి. మొత్తం షాపుల్లో చేరినవి కొన్నే. పాడైపోయే సరుకు, చాలా ఖరీదైన సరుకు దానికి సరిపడవు. కాబట్టి ఆ ముప్పాతిక ఊరి మొత్తం ట్రాఫిక్‌కి వర్తించదు. అదే అంకెను ఊరి మొత్తం బండ్ల మీద భాగిస్తే చాలా చిన్నదైపోతుంది.

అంటే ఏ రిపోర్టు చదివినా కింద ఉన్న అంకె చూడాలి. ఎంత శాతం తగ్గింది అనేదానికంటే ముందు, దేనిలో శాతం అని అడగాలి. కిరాణా గారి మీటింగ్‌లో చూపించింది పగటి లారీల్లో శాతం. పగలూ రాత్రీ కలిపి, పెద్దా చిన్నా కలిపి, బైపాస్‌తో సహా చూపిస్తే గ్రాఫ్ ఎలా ఉండేదో.

రెండోది డబ్బు. బ్రిస్టల్ సెంటర్ ప్రభుత్వ సాయంతో నడిచింది. 1990ల్లో యూరప్‌లో ఇలాంటి సెంటర్లు చాలా పుట్టాయి, సాయం ఆగిపోగానే చాలావరకు మూతపడ్డాయి. సాయం ఉన్న రోజుల్లో కొలిచిన ఫలితాన్ని శాశ్వతం అనుకోకూడదు.

గోదాం_గిరి
సాయం ఆగినా నిలబడ్డవీ ఉన్నాయి. ఇటలీలో పాడువా సిటీపోర్టో 2004లో మొదలైంది, ఏళ్ళ తరబడి నడిచింది. కారణం, ఆ సెంటర్ బండ్లకు పాత ఊళ్ళోకి ఏ వేళలోనైనా వెళ్ళే అనుమతి, బస్ లేన్ వాడుకునే అనుమతి ఇచ్చారు. మిగతా బండ్లకు ఆ వీలు లేదు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి సమయం కలిసొచ్చింది కాబట్టి సరుకు అప్పజెప్పారు. బైపాస్ దగ్గర ఒక ఖాళీ స్థలం చూపించి వదిలేస్తే దాన్ని సెంటర్ అనరు. షెడ్డు, కాటా, లైట్లు, మరుగుదొడ్డి, సరుకు కలిపి పంపే మనిషి, ఇవన్నీ ఉన్నాయా కిరాణా గారూ?

కిరాణా_హోల్‌సేల్
స్థలం, ఒక బోర్డు ఉన్నాయి. వాన పడితే టార్పాలిన్ మేమే కట్టుకోవాలి. కలిపి పంపడం లేదు. ఎవరి సరుకు వాళ్ళే వేరే ఆటోలో తెచ్చుకుంటున్నాం.

వరంగల్_ప్లానర్
అయితే బండి ఎంత నిండి వస్తోందో తప్పకుండా రాయండి. సగం ఖాళీగా వస్తున్న ట్రాలీలు కనిపిస్తే మీ వాదనకు అదే బలం. వెనక్కి వెళ్ళేటప్పుడు పూర్తిగా ఖాళీయా, ఏమైనా సరుకు ఉందా అన్నదీ రాయండి.

కెమెరా_కళ్ళు
కొంచెం వేరే మాట చెప్తాను, కోప్పడకండి. నేను ట్రాఫిక్ కెమెరాల ప్రాజెక్టులో పని చేస్తున్నాను. మీరందరూ చెప్పేవి బాగున్నాయి, కానీ టన్నుల లెక్క ఏ కెమెరాకీ కనిపించదు. కనిపించేది బండి రకం, నంబర్ ప్లేటు, టైమ్. అందుకే ఆఫీసుల్లో బండ్ల సంఖ్యే రిపోర్టు అవుతుంది. దురుద్దేశం ఉండనవసరం లేదు. చేతిలో ఉన్న డేటా అది.

లెక్కల_లక్ష్మి
చేతిలో ఉన్నదాన్ని కొలవడం వరకు సరే. దాని పక్కన ‘విజయవంతం’ అని రాయడం దగ్గరే నా అభ్యంతరం. ‘పగటి లారీలు తగ్గాయి’ అని రాసి ఆగితే ఎవరూ కాదనరు.

కెమెరా_కళ్ళు
ఒప్పుకుంటాను. అయితే ఒక ఉపాయం. కెమెరా బండి రకాన్ని పట్టగలిగితే, లారీలను లెక్కపెట్టిన అదే కెమెరా మూడు చక్రాల గూడ్స్ ఆటోలను, చిన్న నాలుగు చక్రాల బండ్లను కూడా లెక్కపెట్టి ఉంటుంది. గ్రాఫ్‌లో చూపించలేదంతే. సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మార్కెట్ వీధి ఒక్కటే కాకుండా బైపాస్ జంక్షన్, పక్క వీధులు కూడా అడగండి. ఇక్కడ తగ్గింది అక్కడ పెరిగిందేమో తెలుస్తుంది.

పాతబస్తీ_ఫరీద్
పక్క వీధుల పాయింట్ చాలా పెద్దది. మా హైదరాబాద్‌లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని ఔటర్ రింగ్ రోడ్డు అవతల బాటసింగారానికి తీసుకెళ్ళారు. కొత్తపేట రోడ్డు మీద లారీలు తగ్గాయి, ఎవరు చూసినా చెప్తారు. కానీ తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునేవాళ్ళు తెల్లవారుజామున అంత దూరం పోయి రావాలి. ఆటో కిరాయి పండు మీదే పడుతుంది. కొత్తపేటలో నిలబడి లెక్కపెడితే ఆ కిరాయి కనిపించదు.

చీరల_షాపు_శ్రీను
సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లుల డేటా ఉంది కదా, సరుకు లెక్క అందులోనే తెలుస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో, రాష్ట్రం లోపలి రవాణాకి 2018 ఏప్రిల్ 15 నుంచే వచ్చింది.

గోదాం_గిరి
ఊళ్ళోకి వచ్చే పెద్ద లోడ్ వరకు తెలుస్తుంది శ్రీను గారూ. 50 వేల రూపాయల లోపు సరుకుకి మామూలుగా బిల్లు అవసరం లేదు. షాపు నుంచి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దాకా 50 కిలోమీటర్ల లోపైతే బండి నంబర్ నింపనక్కర్లేదు. మనం వెతుకుతున్న ఆఖరి అయిదారు కిలోమీటర్లే అందులో మాయం. ఫాస్టాగ్ కూడా అంతే, టోల్ గేటు దగ్గరే కనిపిస్తుంది.

చీరల_షాపు_శ్రీను
మరి కేంద్రం వాళ్ళు రాష్ట్రాలకు లాజిస్టిక్స్ ర్యాంకులు ఇస్తారు కదా, లీడ్స్ అని?

వరంగల్_ప్లానర్
2018 నుంచి ఇస్తున్నారు. అది రాష్ట్రం మొత్తానికి. వ్యాపారులు, రవాణాదారుల అభిప్రాయాలు అడిగి, కొంత డేటా కలిపి గ్రూపులుగా విడగొడతారు. పోర్టులు, గోదాములు, రోడ్లు, పర్మిషన్లు అందులో వస్తాయి. ఒక మార్కెట్ వీధిలో పొద్దున ఎనిమిదింటికి ఏం జరుగుతోందో దాని నుంచి తెలియదు. కాకపోతే ఒక మంచి సంగతి ఉంది. సరుకు పంపేవాళ్ళని, అందుకునేవాళ్ళని అడిగి మార్కులు వేయడం అందులో భాగం. మన స్కీములకు అదీ చేయడం లేదు.

హమాలీ_కూతురు
ఇంత చర్చలో మా నాన్న లాంటివాళ్ళు ఇంకా రాలేదు, అందుకే రాస్తున్నాను.

మా ఊళ్ళోనూ రాత్రి డెలివరీ పెట్టారు. నాన్న మార్కెట్‌లో హమాలీ. బస్తాకి ఇంత అని కూలి. మునుపు పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు. ఇప్పుడు రాత్రి పదింటికి పోతే లారీ ఎప్పుడొస్తే అప్పుడే పని. తెల్లారేదాకా రాకపోతే కూలి లేదు, నిద్రా లేదు. వచ్చినా వీధి లైట్లు సరిగా లేని చోట బల్ల చెక్క మీద యాభై కిలోలు మోయాలి. కాలు జారితే ఆ బాధ ఇంటికే వస్తుంది, ఏ రిపోర్టులోకీ పోదు. ఆడవాళ్ళు చిల్లర గింజలు ఊడ్చి ఏరుకునే పని చేసేవాళ్ళు. రాత్రి కావడంతో వాళ్ళు మానేశారు.

ఒక టన్ను షాపుకి చేరడానికి ఎన్ని కిలోమీటర్లు అని గిరి అన్న రాశాడు. ఎన్నిసార్లు భుజం మీదికి ఎక్కింది అని కూడా రాయండి. బైపాస్‌లో దించి ఎక్కిస్తే అదే బస్తాని రెండుసార్లు మోస్తున్నారు. రెండోసారికి కూలి ఇస్తున్నారా, ఎంత ఇస్తున్నారు, వెయిటింగ్‌కి ఇస్తున్నారా, దెబ్బ తగిలితే ఎవరు చూస్తున్నారు, ఇవి అడగకుండా పథకం బాగుందని ఎవరూ చెప్పొద్దు.

ట్రాలీ_యూనస్
నిజం చెల్లీ. బైపాస్ దగ్గర తాగడానికి నీళ్ళు కూడా లేవు.

మేడమీద_సుజాత
చదువుతుంటే గుండె బరువెక్కింది అమ్మా. రాత్రి చప్పుడు అంటూ రాసినప్పుడు ఆ చప్పుడు వెనక మనుషులు కూడా నిద్ర లేకుండానే ఉన్నారని తెలుసు. మీ నాన్నగారి లెక్క, మా అత్తగారి లెక్క పక్కపక్కన ఉండాలి.

కిరాణా_హోల్‌సేల్
సంఘం తరఫున రాసేదాంట్లో హమాలీ మేస్త్రీతో సంతకం పెట్టించి ఒక పేజీ విడిగా చేరుస్తాను. రెండోసారి దించే కూలి మా దగ్గర షాపుకో రేటు నడుస్తోంది, అదీ రాస్తాను.

వరంగల్_ప్లానర్
రాత్రి డెలివరీలో షాపుదారుడి పాత్ర గురించి న్యూయార్క్ ప్రయోగంలో గట్టి పాఠం ఉంది. 2009, 2010ల్లో మాన్‌హాటన్‌లో రాత్రి 7 నుంచి పొద్దున 6 మధ్య సరుకు దించుకునే ప్రయోగం జరిగింది. నగర రవాణా శాఖ, రెన్సెలార్ పాలిటెక్నిక్ అనే యూనివర్సిటీ కలిసి చేశాయి. లారీల్లో జీపీఎస్ పెట్టి కొలిచారు. షాపు దగ్గర లారీ ఆగే సమయం 100 నిమిషాల నుంచి 30 దాకా దిగింది. పార్కింగ్ చలాన్లు బాగా తగ్గాయి. లారీ కంపెనీలకు పండగే.

కానీ షాపులకు ప్రోత్సాహకం డబ్బులు ఆగిపోయాక ఏమైందో చూడండి. రాత్రి మనిషిని పెట్టి సరుకు దించుకున్న షాపులు మళ్ళీ పగటికి వెళ్ళిపోయాయి. డ్రైవర్‌కే తాళం ఇచ్చి, తను లేకుండా దించుకునేలా ఏర్పాటు చేసుకున్నవాళ్ళు చాలావరకు రాత్రిలోనే ఉండిపోయారు. లారీ వాడికి ఎంత కలిసొచ్చినా, రాత్రి మేలుకునే ఖర్చు షాపు మీద పడితే స్కీమ్ నిలవదు. ప్రయోగం జరుగుతున్నప్పుడు మాత్రమే కొలిచి ఉంటే ఈ తేడా బయటపడేది కాదు.

చీరల_షాపు_శ్రీను
డ్రైవర్‌కి తాళం ఇవ్వడమా! మా మామయ్య బావమరిదికే ఇవ్వడు 😀

కిరాణా_హోల్‌సేల్
హోల్‌సేల్‌లో ఉద్దెర ఖాతాలు, నగదు అన్నీ షాపులోనే. తాళం కుదరదు. షట్టర్ ముందు ఒక ఇనుప గది కడితే వీలవుతుందేమో, వీధి వెడల్పు చూడాలి.

ఢిల్లీ_తెలుగోడు
పగలు చిన్న బండ్లే అన్నప్పుడు అవి కరెంటువి అయితే లెక్క మారుతుంది. ఢిల్లీలో 2021లో ఎలక్ట్రిక్ గూడ్స్ బండ్లకు నో ఎంట్రీ వేళల నుంచి మినహాయింపు ఇచ్చారు. దాదాపు 250 రోడ్ల మీద డీజిల్, సీఎన్‌జీ గూడ్స్ బండ్లు ఆగే టైమ్‌లో కూడా ఇవి తిరగొచ్చు. 2023లో తెచ్చిన ఇంకో పథకం ప్రకారం 25 బండ్లు, అంతకు మించి ఉన్న డెలివరీ కంపెనీలు 2030 ఏప్రిల్ 1 నాటికి పూర్తిగా ఎలక్ట్రిక్‌కి మారాలి. పొగ, చప్పుడు రెండూ తగ్గుతాయి. గిరి గారి 72 కిలోమీటర్లు కరెంటు మీద తిరిగితే అంత బాధ ఉండదు.

గోదాం_గిరి
పొగ వరకు ఒప్పుకుంటాను. కానీ ఆరు ఎలక్ట్రిక్ బండ్లు కూడా రోడ్డు మీద ఆరు బండ్ల చోటే తీసుకుంటాయి. టాటా ఏస్ సైజు బండి దాదాపు 3.8 మీటర్లు ఉంటుంది. షాపు ముందు చోటుని మీటర్లని నిమిషాలతో గుణించి కొలవాలి. ఆరు మీటర్ల డీసీఎం 40 నిమిషాలు ఆగితే 240. ఆరు ఏస్‌లు ఒక్కోటి 15 నిమిషాలు ఆగితే 342. అంబులెన్స్‌కి దారి దొరుకుతుందా లేదా అన్నది ఈ అంకెలో ఉంది, బ్యాటరీలో లేదు.

ఢిల్లీ_తెలుగోడు
మీ లెక్కలో 15 నిమిషాలు ఎక్కువ. పదిలో దించేస్తే 228 అవుతుంది, డీసీఎం కంటే తక్కువ. పైగా ఆరూ ఒకేసారి నిలబడవు.

లెక్కల_లక్ష్మి
అందుకే ఊహించకుండా వాచీ పట్టుకుని రాయమంటున్నాను. పదా, పదిహేనా అన్నదాని మీదే ఫలితం తిరగబడుతోంది చూడండి.

కిరాణా గారికి నా సలహా. ఆషాఢం పోయేలోపు ఒక వారం, శ్రావణంలో ఒక వారం లెక్క తీయండి. అవే రోజుల్లో స్కీమ్ ఇంకా పెట్టని మార్కెట్‌లో కూడా ఎవరినైనా కూర్చోబెట్టండి. ప్రతి బండికీ ఒక వరుస: వచ్చిన టైమ్, వెళ్ళిన టైమ్, బండి రకం, డీజిలా కరెంటా, బస్తాలు ఎన్ని, ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని షాపులకు దించింది, వెనక్కి ఖాళీగా వెళ్ళిందా. షాపు వైపు విడిగా: బస్తాకి కిరాయి, కూలి, పాడైన సరుకు, చెప్పిన టైమ్‌కి వచ్చిందా, వచ్చి షాపు మూసి ఉందని తిరిగిపోయిందా. పాత ట్రిప్ షీట్లు, ట్రాన్స్‌పోర్ట్ రసీదులు పారేయకుండా ఉంటే మాఘం, ఆషాఢం గొడవ లేకుండా పోయిన సంవత్సరం ఆషాఢం లెక్క వాటి నుంచే తీయొచ్చు.

కిరాణా_హోల్‌సేల్
రసీదులు ఉన్నాయి. మా దగ్గర గుమస్తా గారు పాత దస్తాలు కట్టలు కట్టి అటక మీద పెట్టారు. పోయిన ఆషాఢం కట్ట ఇవాళే దించుతాం.

నెదర్లాండ్స్_నాగరాజు
చప్పుడుకి ఫోన్ యాప్ వాడొచ్చు, కాకపోతే ఫోన్‌కీ ఫోన్‌కీ తేడా వస్తుంది. ఒకే ఫోన్‌తో, ఒకే కిటికీ నుంచి, లారీ ఉన్నప్పుడు, లేనప్పుడు తీయండి. ఆ తేడా చూపించినా చాలు.

మేడమీద_సుజాత
మా వీధికి నేను తీస్తాను. కిరాణా గారి వీధిలో పైన ఉండేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి ఎలా తీయాలో చెప్తాను.

పాతబస్తీ_ఫరీద్
ఇవన్నీ తీసుకెళ్ళి ఇచ్చాక, అన్నీ కలిపి ఒకే మార్కు ఎంత అని అడుగుతారు చూడండి. ఒక్క అంకె ఇస్తేనే పైవాళ్ళు చదువుతారు.

వరంగల్_ప్లానర్
అడిగినా ఇవ్వొద్దు. కలిపేస్తే హమాలీ కూలి తగ్గిన బాధని పొగ తగ్గిన లాభం మింగేస్తుంది. వ్యాపారి, రవాణా వాళ్ళు, హమాలీలు, ఇళ్ళవాళ్ళు, నలుగురికీ నాలుగు వరుసలు ఉంచండి. ఎవరికి మేలు, ఎవరికి నష్టం అన్నది చూసి, ఏం సరిచేయాలో అధికారులే చెప్పాలి. బైపాస్ దగ్గర షెడ్డు, నీళ్ళు, వెయిటింగ్ కూలి, రాత్రి చప్పుడు నియమం, ఇవి పెడితే ఇదే స్కీమ్ బాగుపడొచ్చు. రద్దు చేయమని అడగనక్కర్లేదు.

కెమెరా_కళ్ళు
ఇదే ఫార్మాట్‌లో ఇస్తే మా లాంటి వాళ్ళం కెమెరా డేటాని పక్కన పెట్టి చూడగలం. బండి రకాల పేర్లు మీ ఇష్టం వచ్చినట్టు రాయకుండా మూడు చక్రాల గూడ్స్, చిన్న నాలుగు చక్రాలది, డీసీఎం, లారీ అని నాలుగే పెట్టండి. తోపుడు బండికి అయిదోది.

హమాలీ_కూతురు
మోత ఎన్నిసార్లు అన్న గడి?

లెక్కల_లక్ష్మి
బస్తాల గడి పక్కనే పెట్టాను. షీట్ తయారైంది, కిరాణా గారికి, సుజాత గారికి, ఫరీద్ గారికి పంపిస్తున్నాను. స్కీమ్ లేని మార్కెట్‌లో కూర్చోవడానికి ఇంకా మనిషి కావాలి.

ట్రాలీ_యూనస్
మా తమ్ముడు ఆ మార్కెట్ స్టాండ్‌లోనే ఉంటాడు. పొద్దున అయిదు నుంచి రాస్తాడు. రాత్రికి ఎవరినైనా చూడండి.

కిరాణా_హోల్‌సేల్
రాత్రికి మా గుమస్తా గారి అబ్బాయిని పంపిస్తాను, డిగ్రీ చదువుతున్నాడు. రాత్రి కూలి ఇచ్చే పంపుతాను.